రేడియం తోటకి ఆ పేరు ఎలా వచ్చిందంటే

రాజోలు సెంటర్లో ఆటో ఎక్కి మా ఊరి పేరు చెబితే, డ్రైవరు ఒక్కోసారి వెనక్కి తిరిగి అడుగుతాడు. "రేడియం తోటకి ఇవతలాండీ, అవతలాండీ?" అవతల అంటాను. పక్కన కూర్చున్నవాళ్ళెవరికీ ఆ మాటలో వింత కనిపించదు. కాలవ వంతెన ఒక గుర్తు, రైసుమిల్లు ఒక గుర్తు, రేడియం తోట ఒక గుర్తు. కుర్రాళ్ళయితే అక్కడ ఎప్పుడో మోటారు బళ్ళకి రేడియం స్టిక్కర్లు అంటించే కొట్టు ఉండేదేమో అనుకుంటారు.

ఆ తోటలో రేడియం లేదు. ఎప్పుడూ లేదు. ఆ పేరు రావడానికి కారణం నేను. నోరు విప్పితే పోయే పేరుని ఇన్నేళ్ళు నిలబెట్టిందీ నేనే. ఈ ముక్క చెప్పవలసిన వాళ్ళకి నోటితో చెప్పాను. అక్కడ లేనివాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

తోట మా బాబాయిగారిది. మా నాన్నకి పినతండ్రి కొడుకు. కొబ్బరి, మధ్యలో కాస్త అరటి, చివర పోక చెట్లు. తోటని ఆనుకుని ఉన్న వరి చేలో ఒక ఏడాది గ్యాసు కోసం రిగ్గు వేశారు. మా వైపు రిగ్గులు కొత్త కాదు. పొలాల మధ్య ఆ ఇనప గోపురం లేస్తే, ఎన్నాళ్ళుంటుందో ఏం దొరుకుతుందో అని కొన్నాళ్ళు మాట్లాడుకుని, తర్వాత దాని నీడలోనే ఊడ్పులు కానిస్తారు.

నేను అప్పుడు బావుల్ని కొలిచే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో పని చేసేవాణ్ణి. బావి తవ్వడం మా పని కాదు. తవ్విన బావిలో ఏ లోతున ఏముందో చెప్పడం మా పని. ఇనప తాడు చివర సన్నటి పొడుగాటి గొట్టం కట్టి కిలోమీటర్ల లోతుకి దించుతాం. ఆ గొట్టంలో ఒకచోట, బొటనవేలంత ఉక్కు బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని లోపల అమెరీషియం అనే మూలకం, బెరీలియం పొడితో కలిపి ఉంటుంది. అమెరీషియం నుంచి ఎప్పుడూ కణాలు వస్తుంటాయి. అవి బెరీలియాన్ని కొడితే న్యూట్రాన్లు పుడతాయి. ఆ న్యూట్రాన్లు చుట్టూ ఉన్న రాతిలోకి దూసుకుపోతాయి. నీళ్ళో నూనో ఉన్నచోట వాటికి హైడ్రోజన్ బాగా అడ్డుపడి వేగం తగ్గుతుంది. గ్యాసు ఉన్నచోట అంతగా తగ్గదు. ఆ తేడాని పైన కాగితం మీద గీతగా చూస్తాం. పనయ్యాక గొట్టం పైకి లాగి, పొడుగాటి కడ్డీతో బిళ్ళని తీసి, మైనంలాంటి పదార్థం దట్టంగా నింపిన పీపాలో పెట్టి తాళం వేస్తాం. మీటరుతో చుట్టుపక్కలంతా చూసుకుంటాం. పీపా మాతోనే వెళ్ళిపోతుంది. బావిలోనూ చేలోనూ ఏమీ మిగలదు. ఇది మొదట చెప్పవలసిన మాట. ఆ రోజుల్లో నేను చెప్పని మాట.

రేడియం భూమిలో దొరుకుతుంది. అమెరీషియం దొరకదు. దాన్ని మనిషి తయారు చేసుకున్నాడు. ఎలా చేస్తారో మాకు శిక్షణ ఇచ్చిన పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. రియాక్టర్లో యురేనియం మీద న్యూట్రాన్లు ముసురు పట్టిన వానలా ఎడతెరిపి లేకుండా పడుతుంటాయి. ఒక యురేనియం పరమాణువు ఒక న్యూట్రాన్ని మింగుతుంది. మింగింది ఇముడ్చుకోలేక, లోపలున్న న్యూట్రాన్లలో ఒకటి ప్రోటాన్‌గా మారిపోతుంది. ప్రోటాన్ల లెక్క మారితే మూలకమే మారినట్టు. అలా రెండు మెట్లు ఎక్కి అది ప్లుటోనియం అవుతుంది. ఆ ప్లుటోనియం అక్కడే ఉండి మరో రెండు న్యూట్రాన్లు మింగితే ఇంకా బరువైన ప్లుటోనియం తయారవుతుంది. ఇక దాన్ని ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. బయటికి తీసి భద్రంగా పెడితే, ఏళ్ళు గడిచేకొద్దీ అందులో అమెరీషియం దానంతట అదే పోగవుతుంది. తర్వాత రసాయనాలతో వేరు చేసుకోవడమే.

నాకు వెంటనే కురిడీ గుర్తొచ్చింది. ముదురు కాయల్ని పీచుతో సహా అటక మీద పడేసి మరిచిపోతాం. ఏడాది తిరిగేసరికి లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుంది. ఊపితే లోపల కదిలిన చప్పుడు వస్తుంది. అది కురిడీ. ఎవరి చెయ్యీ పడలేదు, కాలమే చేసింది. ఈ మాట అక్కడ అంటే పక్కనున్న ఉత్తరాది కుర్రాళ్ళకి అర్థం కాలేదు గాని, పెద్దాయన నవ్వి, మీ ఊరివాళ్ళకి అలాగే చెప్పు అన్నారు. అమెరీషియం కంటే మరీ బరువైన వాటి గురించి కూడా ఆయనే చెప్పారు. వాటికి న్యూట్రాన్ల వాన చాలదట. అమెరీషియంలాంటి వాటిని పలచటి రేకులా పరిచి, దాని మీదకి కాల్షియంలాంటి వాటి కేంద్రకాల్ని మహా వేగంతో విసురుతారు. ఎన్ని విసిరితే ఒక్కటి అతుక్కుంటుందో. అతుక్కున్నదీ రెప్పపాటులో విడిపోతుంది. దాన్ని చూడ్డానికి ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చునేవాళ్ళున్నారని ఆయన చెబుతుంటే, ఆ ఓపిక నాకు నచ్చింది.

మీ ఊరివాళ్ళకి చెప్పు అన్నారు గాని, నేను ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో నన్ను "బాంబు కంపెనీ అబ్బాయి" అని ఏడిపించేవారు. ఆ పిలుపు విని విసుక్కున్నట్టు కనపడేవాణ్ణి. లోపల మాత్రం బాగానే ఉండేది.

ఆ గొప్ప అలా ఉంచితే, అసలు కథ బోర్డుది. బిళ్ళ బయటికి తీసినప్పుడల్లా చుట్టూ తాడు కట్టి పసుపు రంగు రేకు బోర్డులు పెడతాం. పసుపు మీద నల్లగా మూడు రెక్కలు, మధ్యలో చుక్క. రంగు వెలిసిన బోర్డుని తిరిగి అప్పగించి, దాన్ని పాడు చేసినట్టు చూపించాలి. ఒకటి నేను ఇంటికి తెచ్చేసుకున్నాను. రేకు గట్టిగా ఉంది, కోళ్ళగూటికి పనికొస్తుందని.

బాబాయిగారు దాన్ని మా పెరట్లో చూశారు. అప్పటికి ఆయన బొండాల దొంగలతో విసిగిపోయి ఉన్నారు. మిట్టమధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు కుర్రాళ్ళు బళ్ళ మీద వచ్చి, పొట్టి చెట్ల బొండాలు కోసుకుపోయేవారు. ఆయన పాత చొక్కా, కుండతల పెట్టి దిష్టిబొమ్మ కట్టారు. దాని నెత్తిన కుండ కూడా పట్టుకుపోయారు.

"ఇదేంట్రా, మూడు రెక్కలేసుకుని ఇలా చూస్తోంది?" అన్నారు బోర్డుని తిప్పి చూస్తూ. చెప్పాను. ఆయన దాన్ని చంకలో పెట్టేసుకున్నారు. "మా దిష్టిబొమ్మ కన్నా ఇదే బావుంది. నాకిచ్చెయ్యి."

సామాను ఉన్నచోట తప్ప ఆ బోర్డు ఇంకెక్కడా ఉండకూడదని నాకు తెలుసు. బయటివాళ్ళకి ఇస్తే ఉద్యోగం పోతుందనీ తెలుసు. బాబాయిగారే కదా, సరదాకే కదా అనుకున్నాను. మేకులు కూడా నేనే తెచ్చి, తోట గేటుకి నేనే కొట్టాను. దొంగతనాలు మర్నాటి నుంచే ఆగిపోయాయి. కొన్ని నెలలు మేమిద్దరం కనిపించినప్పుడల్లా దాని గురించి నవ్వుకునేవాళ్ళం. పక్క తోట ఆయన తనకీ ఒకటి కావాలన్నాడట.

తర్వాత తెల్లదోమ వచ్చింది. ఆ పురుగు అప్పటికి మా వైపు కొత్త. ఆకు అడుగున తెల్లగా సున్నం జల్లినట్టు పట్టేది. దాని నుంచి కారిన జిగురు మీద బూజు పెరిగి, మట్టలు మసి పూసినట్టు నల్లబడేవి. మా ఖర్మకొద్దీ బాబాయిగారి తోటలో అది ముందు కనిపించింది. గేటు మీద మూడు రెక్కల బోర్డు, లోపల మాడినట్టు నల్లటి చెట్లు. చూసినవాళ్ళు ఏమనుకోవాలో ఆ రెండూ కలిసి చెప్పేశాయి. కంపెనీవాళ్ళు రేడియం పాతిపెట్టేరు, చెట్లు కాలిపోతున్నాయి అన్నారు. కొన్నాళ్ళకి అందరి తోటలూ నల్లబడ్డాయి. అప్పుడు, ఇక్కణ్ణించే పాకింది అన్నారు.

దింపు రోజు సంగతి మాత్రం నిన్న జరిగినట్టుంటుంది. కాయలు కోసి దించడాన్ని మేం దింపు అంటాం. అంబాజీపేట నుంచి కాయలు కొనే షావుకారుగారు వచ్చి నిలబడ్డారు. చెట్లెక్కేవాళ్ళు నడుముకి తాళ్ళు బిగించుకున్నారు గాని గేటు దాటి లోపలికి రాలేదు. వాళ్ళలో పెద్దవాడు, ఈ తోటలో ఎక్కం బాబూ, పిల్లలున్నవాళ్ళం అన్నాడు. బాబాయిగారు నవ్వబోయి ఆగిపోయారు. అందరూ నావైపు చూశారు. ఆ రోజు నాకు సెలవు, ఊరికే చూడ్డానికి వెళ్ళాను.

షావుకారుగారే అడిగారు. "మీరు ఆ కంపెనీలోనే కదండీ. లోపల ఏవైనా పెట్టేరా, లేదా? ఆ ముక్క చెప్పెయ్యండి, మేం నమ్ముతాం."

నమ్ముతాం అన్నారు. అంతకంటే తేలిక మాట ఎవరూ అడగలేరు. ఏమీ లేదు, ఆ బోర్డు నేనే తెచ్చి కొట్టాను అంటే చాలు. కాని ఆ మాట సాయంత్రానికి రిగ్గు దాకా వెళ్ళేది. నా ఉద్యోగం పోయేది. అది భయం. భయం ఒక్కటే అయితే రాయడానికి ఇంత సిగ్గుపడను. అంతమంది నా నోటి కోసం చూస్తుంటే, నాకు తెలిసింది వాళ్ళకి తెలియదనే గొప్ప కూడా కొంత పనిచేసింది. గొంతు సవరించుకుని మరీ అన్నాను.

"అవి కంపెనీ విషయాలండీ. బయటికి చెప్పకూడదు."

పాతిపెట్టారని చెప్పి ఉంటే, కనీసం ఎక్కడ అని ఎవరైనా తవ్వి చూసేవారు. చెప్పకూడదు అన్నాక చూడవలసింది ఇంకేమీ లేదు. షావుకారుగారు ఆయ్ అని తల ఊపి, బండి తిప్పించేశారు.

దానికి విరుగుడుగా నేను చేసిన తెలివైన పని ఇంకొకటుంది. ఊరు లేవకముందే వెళ్ళి బోర్డు ఊడదీసి, ముక్కలు చేసి పారేశాను. బోర్డు పోతే మాట పోతుందనుకున్నాను. కంపెనీవాళ్ళు వచ్చి సాక్ష్యం మాయం చేసేరు అన్నారు. గేటు మీద మేకుల గుర్తులు చూపించుకునేవారు.

దాని తర్వాత మా సంస్థ కాంట్రాక్టు అయిపోయింది, ఉద్యోగం ఎలాగూ పోయింది. రాజోల్లో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్ముకునే కొట్టు పెట్టుకున్నాను. నోరు మూయించడానికి ఇక ఏ కంపెనీ లేదు. అయినా చెప్పలేదు. తెల్లదోమ తగ్గింది కదా, ఇప్పుడెందుకు కదపడం అనుకున్నాను. తోట పేరు స్థిరపడిపోయింది. బాబాయిగారి కాయల్ని ఎవరో దూరపు బేరగాడు అడిగిన ధరకి పట్టుకుపోతున్నాడని విని, పోనీలే, అమ్ముడవుతున్నాయి అనుకున్నాను. నాకు కనపడిన నష్టం అంతవరకే.

నిరుడు పిన్నిగారికి ఎముకల నొప్పులు ఎక్కువై, రాజమండ్రిలో స్కాను తీయించాలన్నారు. ఏదో రేడియేషన్ మందు ఎక్కిస్తారట, నువ్వయితే అవన్నీ తెలిసినవాడివి, తోడు రా అన్నారు బాబాయిగారు. ముగ్గురం కారులో వెళ్ళాం. ఎక్కించింది టెక్నీషియం. ఇదీ మనిషి చేసుకున్న మూలకమే. రియాక్టర్లో పుట్టిన మాలిబ్డినాన్ని సీసపు పెట్టెలో పెట్టి ఆసుపత్రికి పంపుతారు. అది తనలో తాను టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే ఉప్పునీళ్ళు పోసి తయారైనంత మేరకు లాగేస్తారు. మళ్ళీ మర్నాటికి కాస్త ఊరుతుంది. ఆ పెట్టెని అక్కడివాళ్ళు ఆవు అనీ, లాగడాన్ని పాలు పితకడం అనీ అంటారని చెబితే, నలభై ఏళ్ళు గేదెల్ని పితికిన పిన్నిగారు, "మరి కుడితి ఎవరు పెడతారో," అన్నారు.

తిరుగు ప్రయాణంలో రాజోలు మార్కెట్టు దగ్గర పిన్నిగారు కారు ఆపించారు. రెండు కొబ్బరికాయలు కొని తెమ్మని డ్రైవర్ని పంపారు. నాకు అర్థం కాలేదు. మా వైపు తోట ఉన్న మనిషి కాయ కొనడమంటే, గోదావరి గట్టున కూర్చుని నీళ్ళ కోసం పక్కింటికి కబురు పెట్టినట్టు.

"కాయలెందుకండీ పిన్నిగారూ?"

"పచ్చడికిరా."

"తోటలో లేవా?"

ఆవిడ నావైపు తిరిగి చూశారు. అందులో కోపం లేదు. నాకు తెలిసిన విషయమే నేను ఎందుకు అడుగుతున్నానో తెలియనట్టు చూశారు.

"నువ్వే అన్నావు కదరా, చెప్పకూడదని."

ముందు సీట్లో బాబాయిగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నాకు అప్పుడు అర్థమైంది. ఊరు నమ్మింది సరే. బాబాయిగారు కూడా నమ్మారు. బోర్డుని సరదాకి అడిగి తెచ్చుకున్న మనిషి, దాని గురించి నాతోపాటు నవ్విన మనిషి, దింపు రోజు నా మొహం చూసి నమ్మేశారు. బోర్డు ఉత్తదే అయినా కింద ఏదో ఉందని, అది నాకు తెలిసే దాస్తున్నానని అనుకున్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ తోట కాయ కొట్టలేదు. మండపేటలో ఇచ్చిన కూతురు బిడ్డతో వస్తే, ఆ పిల్లకి కొట్లో కొన్న డ్రింకు పట్టించారు గాని తాతగారి తోట బొండాం ఇవ్వలేదు.

ఇంటికి వెళ్ళాక అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. బోర్డు ఎక్కడిది, ఎందుకు నోరు మూసుకున్నాను, పీపా ఎలా వచ్చి ఎలా వెళ్ళింది. అమెరీషియం సంగతి కురిడీతో పోల్చి చెప్పాను. శిక్షణలో ఆ పెద్దాయన చెప్పమన్న మాట, ఇన్నేళ్ళకి.

బాబాయిగారు అంతా విని అడిగారు. "తెల్లారగట్ల బోర్డు ఊడదీసింది?"

"నేనేనండీ."

"కంపెనీవాళ్ళనుకున్నాం." కండువాతో మొహం తుడుచుకున్నారు. "నేను దాన్ని దిష్టికని అడిగేను. అది ఎక్కడ పెట్టకూడదో నాకు తెలీదు. నీకు తెలుసు."

"తెలుసండీ."

"అయితే ఇన్నాళ్ళూ నా తోటకి నేనే భయపడ్డాను."

లోపల్నుంచి పిన్నిగారు, మరి పొద్దున్న నాకు ఎక్కించిందో అని అడిగారు. అది నిజంగా రేడియేషనేనండీ, సాయంత్రానికి సగమవుతుంది, రేపటికి పేరుకే మిగులుతుంది అన్నాను. అంటే తోటలో లేనిది నా ఒంట్లో ఉందన్నమాట అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వుకి బాబాయిగారు లేచి, కత్తి తీసుకుని తోటలోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

గేటు దగ్గర పొట్టి చెట్టు బొండాం ఒకటి తెంపి, మూతి చెక్కి నాకు ఇచ్చారు.

"తాగు."

తాగాను. ఆయన నా గొంతు కదలడం చూస్తూ నిలబడ్డారు. మీరు కూడా తీసుకోండి అన్నాను.

"వారం పోనీ," అన్నారు.

ఆ వారం ఆయన రోజూ ఫోను చేశారు. ఒంట్లో ఎలా ఉంది, అన్నం తింటున్నావా, విరోచనాలేమైనా అయ్యాయా. నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. నా మాటకి విలువ పోయాక, ఆయనకి మిగిలిన మీటరు నా ఒళ్ళే. ఫోన్లు ఆగిన రోజు కొట్టు కట్టేసి వెళ్ళాను. పిన్నిగారు కోరాం ముందేసుకుని కొబ్బరి కోరుతున్నారు. పక్కన ఒలిచిన పీచు పచ్చిగా ఉంది. ఎక్కడి కాయ అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పచ్చడి మాత్రం వేశారు.

బాబాయిగారు అక్కడితో వదిలిపెట్టలేదు. నాకు చెప్పడం కాదు, అన్నచోటే చెప్పు అన్నారు. తర్వాతి దింపుకి కబురు పంపి షావుకారుగార్ని కూడా రప్పించారు. అదే గేటు ముందు నిలబడి చెప్పాను. ఈసారి గొంతు సవరించుకోలేదు. కొంతమంది నవ్వారు. ఒకాయన, ఇప్పుడు ఎవరు చెప్పమన్నారండీ మీకు అని అనుమానంగా అడిగాడు. షావుకారుగారు, "ఆ ముక్క ఆరోజే అంటే సరిపోయేది కదండీ," అని, ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపి చూసుకున్నారు. చెట్లెక్కే పెద్దాయన తాడు బిగించుకుని లోపలికి వెళ్ళాడు.

పేరు మాత్రం పోలేదు. ఆటోవాళ్ళు అలాగే అడుగుతారు. నేను ప్రతిసారీ, అక్కడ రేడియం లేదు బాబూ అని మొదలుపెడతాను. దిగే చోటు వచ్చేస్తుంది.

ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు తోటకి వెళ్తే బాబాయిగారు బొండాం కొడతారు. మొదటిది నాకే ఇస్తారు. చూసేవాళ్ళు అది మర్యాద అనుకుంటారు. నేను ఆఖరి గుక్క తాగి, బొండాం కింద పెట్టేదాకా ఆయన నా మొహం చూస్తూ ఉంటారు. అప్పుడు తనకోసం ఇంకొకటి తెంపుకుంటారు.